సుకన్య పురుగుల గది

సుకన్య ఏ విందులోనూ చివరిదాకా కూర్చునే మనిషి కాదు. మా పరిశోధక బృందంలో ఎవరి పేపరు అచ్చయినా, ఎవరి వైవా ముగిసినా ఆదోనిలో ఏదో ఒక హోటల్లో భోజనం పెట్టుకోవడం మామూలు. ఆమె వచ్చేది, నాలుగు ముద్దలు తినేది, చెయ్యి కడుక్కుని చెప్పులు వేసుకునేది. "యాడికే?" అంటే, "పురుగుల్ని సూడల్ల" అనేది.

మాది విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం. పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు మీద మా పని. అందుకే పత్తి ఎక్కువగా పండే ఆదోనిలో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, వెనక గదిలో పురుగుల్ని పెంచేవాళ్లం. ఆ గది సుకన్యది. ఎమ్మిగనూరు నేతవాళ్ల పిల్ల; రోజూ బస్సులో వచ్చేది. ఒక్కో పురుగునూ ఒక్కో చిన్న ప్లాస్టిక్ గిన్నెలో పెట్టి, మేత మార్చి, సీతాఫలం గింజల కషాయం వాటి మీద ప్రయోగించేది. పురుగులు బాగా చస్తున్నాయి. ఆ ఫలితాలతోనే మా గైడు చంద్రశేఖర్ సారు విశ్వవిద్యాలయం ఇచ్చే ఉత్తమ బృందం బహుమతికి నివేదిక పంపారు. అందరం సంబరంగా ఉన్నాం, ఆమె తప్ప.

"జ్యోత్స్నా, ఇంత సులువుగా ఎందుకు సస్తాండాయి ఇవి?" అని నన్నడిగింది ఒకసారి.

మా బృందంలోని విష్ణు వైవా ముగిసిన రోజు మధ్యాహ్నం అందరం హోటల్లో ఉన్నాం. విష్ణు కొత్త కోటు వేసుకున్నాడు. పొద్దుటి నుంచి కరెంటు పోతూ వస్తూ ఉంది. సుకన్య విస్తరి ముందు కూర్చుని తలుపు వైపే చూస్తోంది. పాయసం రాకముందే లేచింది.

"నీ పురుగులేం ఏడవవులే, కూర్చో" అన్నాడు విష్ణు. ఆమె నవ్వలేదు, ఆగలేదు.

కాసేపటికి ఆమె సారుకు ఫోను చేసింది. కరెంటు తిరిగి వచ్చినా పురుగుల గదిలో ఏసీ మాత్రం నడవలేదట. రేకుల కప్పు గది కొలిమిలా కాగిపోయింది.

"అన్నీ పోయినాయి సార్. ఒగటి గూడా కదలల్యా."

సారు పాయసం గిన్నె పక్కన పెట్టేశారు. "ఇది పూత కాలమే కదా? గుడ్డిపూలు దొరుకుతాయి. పదండి."

లోపల పురుగు చేరిన పత్తి పువ్వు విచ్చుకోదు, రేకులు మెలిదిరిగి మూసుకుపోతుంది. దాన్నే గుడ్డిపువ్వు అంటారు. సుకన్యను గది దగ్గర ఎక్కించుకుని, రెండు ఆటోల్లో ఆస్పరి దారిలో అయ్యన్న అనే రైతు చేనికి పోయాం. పట్టుచీరల్లో మేము, కోటులో విష్ణు. అయ్యన్న మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏందప్పా, పెండ్లికి బోతా దారి తప్పినారా?"

"నీ చేన్లో పురుగులు కావల్లన్నా" అంది సుకన్య.

"అన్నీ ఏరుకపోండి తల్లీ! ఒగటి గూడా ఇడసద్దు."

పొద్దు వాలేదాకా నల్లరేగడి బురదలో తిరిగాం. ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ సంచుల నిండా పూలు కోశాం. సుకన్య ఒక్కతే తల ఎత్తకుండా సాలు తర్వాత సాలు పోతూనే ఉంది.

ఆ పూలలోంచి కొత్త సంతతి లేచింది. ఆమె వాటి మీద అదే కషాయం, అదే మోతాదు వేసింది. చావలేదు. మోతాదు పెంచింది. అయినా చాలావరకు బతికాయి. ఏళ్ల తరబడి, తరం తర్వాత తరం గదిలోనే పెరిగి పాత పురుగులు బలహీనపడ్డాయన్న మాట. చేలో పురుగు వేరు. నివేదిక వెనక్కి తీసుకోమని ఆమె సారును అడిగింది.

"నివేదిక పంపేశాం కదమ్మా" అన్నారు సారు. "బహుమతి మనకే వచ్చేటట్టుంది."

"పోతే పోనీ సార్. రేపు అయ్యన్న ఆ మందు కొట్టి పంట పోగొట్టుకుంటే ఏం సెప్పల్ల?"

సారు కొన్నాళ్లు ఆమెతో ముభావంగా ఉన్నారు. మాలోనూ కొందరు ముఖం చాటేశారు. ఆమె ఇంట్లోనూ నిలవలేకపోయేదట. మగ్గం దగ్గర కూర్చుని లేచి, వాకిట్లోకి పోయి, మళ్లీ వచ్చి కూర్చునేదని వాళ్లమ్మ శారదమ్మ నాతో చెప్పింది. చివరికి సారే నివేదిక వెనక్కి తీసుకున్నారు. బహుమతి వేరేవాళ్లకు పోయింది. సుకన్య పని మళ్లీ మొదటికొచ్చింది.

గదిలో పెంచిన పురుగుల్ని నమ్మితే ఎలా మోసపోతామో రాసిన పేపరు ఆ తర్వాత మంచి పత్రికలో వచ్చింది. మొదటి పేరు సుకన్యదే. సారు మైసూరుపాకు తెచ్చి అందరికీ పంచారు. ఆమెకు డాక్టరేటూ వచ్చింది. ఎమ్మిగనూరులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆదివారాలు మాత్రం పురుగుల గదికని ఆదోని బస్సెక్కుతుంది. చేలో పురుగును చంపే కషాయం ఇంకా దొరకలేదు.

మొన్న బస్టాండులో కనిపించింది. చేతిలో బరువైన సంచి.

"కానుగ గింజలు. ఈసారి వీటితో మొదులుపెట్నా."

"పనిచేస్తుందంటావా?"

"తెలీదు. సూడల్ల" అంటూనే, కదులుతున్న బస్సు వైపు పరిగెత్తింది.