మాక్ బాబాయి కత్తెర

మాక్ వింగ్‌లోక్‌కి మూసి ఉన్నదేదైనా అనుమానమే. మూత పెట్టిన గిన్నె, ముడి వేసిన మూట, మడిచిన ఉత్తరం, ఏదైనా సరే తెరిచి లోపల చూస్తేగాని ఆయనకు ఊపిరాడదు. ఒకసారి డాక్టరు క్యాప్సూలు ఇస్తే ఆయన ఎదుటే విప్పి, పొడి బల్ల మీద పోసి, "ఇంతేనా?" అని అడిగాడు. పున్నమి పండుగకు చనిపోయిన పెద్దల పటాల ముందు పెట్టే పూర్ణం కూరిన తీపి బిళ్లల్ని కూడా నాలుగేసి ముక్కలు కోసి చూశాకే పెట్టేవాడు. "బతికున్నన్నాళ్లూ మోసపోయారు పాపం. ఇప్పుడైనా చూసుకుని తిననీ" అనేవాడు.

అటువంటి మనిషి తెల్లవారగానే వచ్చి కూర్చునేది ఎక్కడ? చైనాలోని గ్వాంగ్‌జౌ పాత పేటలో ఉన్న టీ హోటల్లో. అక్కడ బల్ల మీదికి వచ్చేవన్నీ మూసినవే. వెదురు బుట్టకు మూత, మూత కింద కుడుము, కుడుము లోపల ఏముందో దేవుడికీ వంటవాడికీ తెలియాలి.

ఆ వంటవాడు ఆ-పుయ్. అతని భార్య యుక్‌లాన్ అదే హోటల్లో ఇరవై రెండేళ్లుగా వడ్డిస్తోంది. ఆమెకు మాక్ బాబాయంటే మొదట నవ్వుగానే ఉండేది. రెండేళ్ల కిందట ఆయన జేబులోకి కత్తెర వచ్చి చేరాక నవ్వు పోయింది.

"అమ్మాయ్, ఇందులో ఏముంది?"

"రొయ్యలే బాబాయ్. ఇరవై రెండేళ్లుగా రొయ్యలే."

"నిన్నటిదాకా సరే. ఇవాళ్టిది నువ్వు చూశావా?"

కచ్, కచ్, కచ్. బుట్టలో ఉన్నవన్నీ ముక్కలు. ఆ ముక్కల్ని తన గిన్నెలోకి, రోజూ పక్కన కూర్చునే పాత నేస్తం సిట్ మాస్టారి గిన్నెలోకి, ఎదురుగా కూర్చునే లో అనే పిన్ని గిన్నెలోకి సమానంగా తోసేవాడు. "చెంచాలతో తినండి. పుల్లలతో పట్టుకుంటే ముక్క వెనక ఏం దాక్కుందో కనపడదు."

"డెబ్బై ఏళ్లుగా పుల్లలతో తింటున్నదాన్ని. నీ పుణ్యమా అని మళ్లీ పసిపిల్లనయ్యాను" అని లో పిన్ని రోజూ సణిగేది. సణుగుతూనే చెంచా తీసుకునేది.

టీ కూడా ఎవరి కప్పులోనూ సగానికి మించి పోయనిచ్చేవాడు కాదు. నిండా పోస్తే అడుగు కనపడదట. కోడి కాళ్లు మూసినవి కావు కదా అని యుక్‌లాన్ ఒకరోజు అవి తెచ్చి పెట్టింది. ఆయన బుట్టలోకి తొంగి చూశాడు. "కోడి ఏదీ? కాళ్లొచ్చి కోడి రాలేదంటే ఏదో జరిగింది. తీసుకుపో."

యుక్‌లాన్‌కు ఒక అనుమానం పుట్టి, పెరిగి, పెద్దదైంది. ఈయన ఎదుటి హోటలువాళ్ల మనిషి. లోపల ఏం కూరుతున్నామో చూసి అక్కడ చెప్పడానికే ఈ కత్తెర. మొగుడితో అంటే అతను ఎగిరిపడ్డాడు. "ఒక్కో కుడుముకి పదమూడు మడతలు పెడతాను నేను! ఆయన ఒక్కటైనా చూశాడా? కోసి పారేస్తున్నాడు!"

ఈ మాట మేనేజరు హుయి చెవిలో పడింది. "రేపు మెట్ల దగ్గరే ఆ కత్తెర తీసుకుంటాను. గొడవ చేశాడా, ఇక రావద్దని మొహం మీదే చెప్పేస్తాను" అన్నాడు.

మర్నాడు గుమ్మం దగ్గరి భూమిదేవుడికి అగరుబత్తి వెలిగిస్తూ, "ఈ పీడ ఇవాళ్టితో వదిలించు సామీ" అని దణ్ణం పెట్టుకుంది యుక్‌లాన్.

మాక్ బాబాయి వింతగా గొడవేం చేయలేదు. కత్తెర ఇచ్చేస్తూ, "నీ డ్రాయరుకి తాళం సరిగ్గా పడుతుందా?" అని మాత్రం అడిగాడు. కాని బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాక ఒకటే అటూ ఇటూ కదిలాడు. రొయ్యల కుడుములు నిండుగా, పదమూడేసి మడతలతో వచ్చాయి. సిట్ మాస్టారి చేతులు బల్ల కిందకు పోయాయి.

"నాకు ఆకలి లేదు" అన్నాడాయన.

"భలేవాడివే, ఒక్కటైనా తిను" అని లో పిన్ని మర్యాదకొద్దీ ఒక కుడుము ఆయన గిన్నెలో వేసింది. పెట్టినదాన్ని వదిలేస్తే బాగుండదు. మాస్టారు పుల్లలు పట్టుకున్నాడు. పుల్లలు ఒకదానికొకటి టకటక కొట్టుకున్నాయి. కుడుము పైకి లేచి, వణికి, జారి, టీ కప్పులో పడింది. టీ బల్లంతా చిందింది. పక్క బల్లలవాళ్లు తలలు తిప్పారు.

మాస్టారు లేచి టోపీ పెట్టుకున్నాడు. "రేపట్నుంచి నాకోసం చూడకండి."

"కూర్చో!" మాక్ బాబాయి హోటలంతా వినబడేలా అరిచాడు. "చూశారా! నేను చెబితే విన్నారా? పిండిలో నూనె కలిపారు! ఇదిగో, నాదీ జారింది!" తన కుడుమును పుల్లలతో ఎత్తి, కావాలనే కింద పడేశాడు. "ఇదిగో, మళ్లీ జారింది!"

బుట్టలు మోసుకొస్తున్న యుక్‌లాన్ అక్కడే ఆగిపోయింది. ఆ వీధిలో సగం దుకాణాల బోర్డులు సిట్ మాస్టారు కుంచెతో రాసినవే. రెండేళ్ల కిందట రాయడం మానేశాడు. కళ్లు ఆనడం లేదన్నాడు. అందరూ నమ్మారు. ఈ అనుమానపు మనిషి ఒక్కడే నమ్మలేదు. అందుకే కత్తెర. అందుకే చెంచాలు, సగం కప్పులు. వాటిలో ఏ ఒక్కటీ మాస్టారికోసమని మాస్టారికే తెలియకుండా!

మేనేజరు హుయి పరుగున వచ్చాడు. "ఏమిటండీ ఈ గోల? బయటికి..."

"గోలేం లేదు సార్" అంది యుక్‌లాన్ అడ్డంగా నిలబడి. "ఇవాళ పిండి నిజంగానే జారుతోంది. నేనూ చూశాను. కోసి పెడితే తప్ప లాభం లేదు. ఆ కత్తెర ఇలా ఇవ్వండి."

వంటింటి కిటికీలోంచి ఆ-పుయ్ తల బయటికొచ్చింది. "ఎవరే నా పిండి జారుతోందన్నది?"

"నేనే! నీ పెళ్లాన్ని! ఏదైనా ఉంటే ఇంటికెళ్లాక మాట్లాడు!"

తల లోపలికి పోయింది. మేనేజరు యుక్‌లాన్‌నీ కిటికీనీ మార్చి మార్చి చూసి, డ్రాయరులోంచి కత్తెర తెచ్చిచ్చి వెళ్లిపోయాడు. యుక్‌లాన్ తన చేత్తోనే మొగుడి పదమూడు మడతల్నీ కచకచ కోసింది. లో పిన్ని ఈసారి సణగలేదు. చెంచా తీసుకుని, మాస్టారికి కూడా ఒకటి అందించింది. మాస్టారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

యుక్‌లాన్ ఇంకో బుట్ట అడగకుండానే తెచ్చింది. అదీ కోసింది. కప్పుల్లో సగం సగం టీ పోసి, మాక్ బాబాయి వైపు చూసి నవ్వింది.

ఆయన నవ్వలేదు. కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏం అమ్మాయ్, ఇవాళ ఇంత మంచిదానివయ్యావు? నిజం చెప్పు. ఇందులో ఏం కలిపావు?"