మా అన్న జవాబు

మా అన్నకు మాటలు వచ్చని నా చిన్నప్పుడు మా ఊరు సురంగల్‌లో సగం మందికి తెలియదు. నాకంటే నాలుగేళ్లు పెద్దవాడు. ఏదైనా అడిగితే చాలాసేపటికి ఒక మాట పలికేవాడు. అప్పటికి అడిగినవాళ్లు వెళ్లిపోయి ఉండేవారు.

హైదరాబాదులో కంప్యూటర్ కొలువుల కాలం అది. మా చుట్టుపక్కల చేలన్నిటికీ ప్రహరీలు లేచాయి. భూములు అమ్ముకున్నవాళ్లు పిల్లల చదువులకని మెహదీపట్నం వైపు వెళ్లిపోయారు. నాతో ఆడుకునే ఇద్దరూ అలాగే వెళ్లారు. బడిలో కొత్తగా చేరిన పిల్లలు ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే, నేనొక్కదాన్నే అని చెప్పాను. ఆ అబద్ధం చెప్పాక ఎవరినీ ఇంటికి పిలవలేకపోయాను.

ఆ ఏడు మా బాపు కూడా చేను అమ్మేశాడు. నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. కొన్నాళ్లకు అన్న అన్నం మానేశాడు. తలను గోడకేసి కొట్టుకునేవాడు. మా అవ్వ కడుపునొప్పేమోనని వాము నీళ్లు తాగించింది. ఎవరో గాలి సోకిందంటే మెడలో తాయెత్తు కట్టించింది. దవాఖానలో మందు రాశారు. అది వేసుకుంటే నిద్రపోయేవాడు, లేస్తే మళ్లీ గోడ దగ్గరికే వెళ్లేవాడు. చివరికి బాపు అతన్ని పట్నంలో ఇలాంటి పిల్లలుండే హాస్టల్‌లో చేర్చాలని నిర్ణయించాడు. సోమవారం ప్రయాణం. అవ్వ ఏడుస్తూనే అతని బట్టలు సర్దింది.

అప్పట్లో అన్నలాంటి పిల్లలున్న ఇళ్లకు ఏదో పథకం కింద చేవెళ్ల నుంచి ఒక అక్క వచ్చేది. ప్రతి గురువారం షేర్ ఆటో దిగి నడుచుకుంటూ మా ఇంటికొచ్చి, అన్నకు చొక్కా గుండీలు పెట్టుకోవడం, గ్లాసులో నీళ్లు పోసుకోవడం నేర్పేది. అతను పదిసార్లు ఒలకబోసినా పదకొండోసారి గ్లాసు అందించేది. నాకు విసుగు. ఆమె వెళ్లగానే గుండీలు నేనే టకటకా పెట్టేసేదాన్ని.

ఆ గురువారం అవ్వ ఏడుస్తూ హాస్టల్ సంగతి చెప్పింది. అక్క అంతా విని, "తమ్మిని అడిగిన్రా?" అంది.

"వానికేం తెలుస్తదమ్మా, ఏం చెప్తడు?" అంది అవ్వ.

అక్క వెళ్లి అన్న ఎదురుగా నేల మీద కూర్చుంది. "తమ్మీ, నీకేం బాధైతుంది?" అని ఒక్కసారే అడిగి ఊరుకుంది.

"గట్ల అడిగితే ఆనికి సమజ్ కాదక్కా" అన్నాను. ఆమె నా వైపు తిరగకుండానే నా చెయ్యి మెల్లగా పట్టుకుంది. వీధిలో మట్టి లారీ ఒకటి వెళ్లింది. పొయ్యి మీద ఎసరు పొంగితే అవ్వ లేచి మూత తీసి వచ్చింది. బయటి నుంచి వచ్చిన బాపు ఏదో అనబోతుంటే అక్క తల అడ్డంగా ఊపింది. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి. అన్న పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. అయినా ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు.

"లచ్చి యాడవోయింది?" అన్నాడు అన్న.

లచ్చి మా బర్రె. చేను పోయాక మేతకు చోటు లేదని దాన్నీ అమ్మేశాం. అన్న పొద్దంతా దాని పక్కనే ఉండేవాడు. అతను నిద్రలో ఉండగా తోలుకుపోయారు. లేచాక అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

బాపు గడప మీద కూలబడ్డాడు. "అమ్మినం బిడ్డా. ముడిమ్యాలల ఉన్నది. నీకు చెప్పలే. తప్పయింది" అన్నాడు. పెద్దమనిషితో మాట్లాడినట్టు బాపు అన్నతో మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

మరునాడు మమ్మల్నిద్దరినీ బస్సెక్కించి ముడిమ్యాలకు తీసుకెళ్లాడు. అన్న లచ్చి నుదుటి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఏడవలేదు. ఇంటికి తోలుకుపోదామనీ అడగలేదు. పొద్దు వాలాక తనే "పోదాం" అన్నాడు.

సోమవారం ప్రయాణం ఆగిపోయింది. తల కొట్టుకోవడం ఒక్కరోజులో పోలేదుగానీ తగ్గుతూ వచ్చింది. ఆ వారమే ఒక సాయంత్రం నేనూ అక్కలాగే అతని ఎదుట కూర్చుని, "ఇయ్యాల ఏం చేసినవన్నా?" అని అడిగాను. లేచి వెళ్లిపోవాలని ఎన్నిసార్లు అనిపించిందో. ఎంతోసేపటికి అన్న నా జడ కొస పట్టుకుని, "నీ కోసం చూసిన" అన్నాడు.

నేను బడికి వెళ్లింది మొదలు వచ్చేదాకా అతను గుమ్మంలోనే కూర్చునేవాడని అవ్వ చెప్పింది. నాకు అన్న లేడని చెప్పిన నోటితో ఆ పూట అన్నం తినలేకపోయాను.

ఏడాది తర్వాత అక్క రావడం మానేసింది. ఆ పథకం బంద్ అయిందన్నారు. చాలా గురువారాలు నేనూ అన్నా రోడ్డు దాకా వెళ్లి చూసి వచ్చేవాళ్లం. ఆమెను అక్కా అనడమే తప్ప పేరైనా అడగనేలేదు. ఎవరి గురించని వాకబు చేయను?

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. అన్న పోయి నాలుగేళ్లవుతోంది. మొయినాబాదులో నా ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ ఎవరినైనా ఎట్లున్నవని అడిగితే, వాళ్లు "మంచిగనే ఉన్న" అన్నాక కూడా ఇంకాసేపు అక్కడే నిలబడతాను. చాలామంది అసలు సంగతి ఆ తర్వాతే చెబుతారు.