విలాయతు సీటుకు దిష్టిచుక్క

ఇల్లు తగలబెట్టాలంటే అగ్గిపుల్ల కావాలి. ఒక పిల్ల విలాయతు చదువు తగలబెట్టడానికి ఒక పెన్నూ, బి.ఏ. పాసైన ఒక పంతులమ్మా చాలు. అరవై రెండులో వికారాబాదులో ఈ ఘనకార్యం నేనెలా సాధించానో చెబుతాను. నవ్వండి, మొహమాటపడకండి. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి ఆడపిల్లల హైస్కూల్లో పదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఎదురు చెప్పలేని వాళ్ల ముందు పదేళ్లు మాట్లాడితే ఎంతటివాళ్లకైనా తమకు తెలియనిది లేదనిపిస్తుంది. ఎవరి కొడుకు మెట్రిక్ గట్టెక్కుతాడో, ఎవరి కూతురికి నర్సు ట్రైనింగులో సీటొస్తుందో ఊరంతా నన్నే అడిగేది. మబ్బు చూసి వాన చెప్పే రైతులా నేను పిల్ల మొహం కేసి ఒకసారి చూసి, నూటికి ఇన్ని పాళ్లని చెప్పేసేదాన్ని. చెప్పింది తప్పితే? "వాడు సరిగా చదవలే, నేనేం జేస్త" అనేదాన్ని. జోస్యానికి ఇంతకు మించిన శాస్త్రం లేదు.

ఆ రోజుల్లో ఎస్తేరు వచ్చింది. వాళ్లది యాలాల దగ్గర పల్లె. తండ్రి యోహాను తాండూరు గనిలో బండలు కోస్తాడు. ఈ పిల్ల మా స్కూలు హాస్టల్లో ఉండి చదివి, హైదరాబాదు పోయి, రాళ్ల చదువులో ఎమ్మెస్సీ చేసింది. ఇప్పుడు ఇంగ్లండులో లాటుసాహెబుల కొడుకులు చదివే ఓ పాత విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడుతోంది. చదువు ఖర్చంతా వాళ్లే భరించే సీటు, పరదేశపు పిల్లలందరికీ కలిపి ఒక్కటే. ఈ ఏడు తప్పితే వయసు హద్దు దాటిపోతుంది. చిన్నప్పటి టీచరొకరు ఈ పిల్ల ఎలాంటిదో రాసి, ఆమెకు చూపించకుండా నేరుగా పంపాలట.

"టీచర్, మీ అంచనా ఏంది? వస్తదంటరా?" అంది.

మొహం చూశాను. ఆకాశం చూశాను. "నూటికి మూడు పాళ్లు, బిడ్డా."

"ఆ మూడు దేనికి?"

"ఒకటి నీ మార్కులకు. ఒకటి నీ ధైర్యానికి. ఇంకోటి నా ఉత్తరానికి."

"మరి తొంభై ఏడు?"

"అవి తల్లి కడుపుల ఉన్నప్పుడే ఇంగ్లీషు నేర్చినోళ్లకు."

పాపం, నవ్వి వెళ్లిపోయింది. నేను తలుపేసుకుని కూర్చున్నాను. వాళ్లు పంపిన ఫారంలో గుణాలు అన్న గడి కింద, కాగితాలు జతచేసి మరీ నాలుగు పేజీలు నింపాను. వినయవతి, మృదుభాషిణి, హాస్టలు గంట కొట్టకముందే లేచే పిల్ల, ముత్యాల్లాంటి చేతిరాత. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. లోపాలు అన్న గడి మిగిలింది. లేవు అని రాయబోతుండగా మా అత్తమ్మ చాటలో బియ్యం ఏరుతూ అందుకుంది.

"పొద్దటి సంది ఏం గీకుతున్నవే పంతులమ్మా?"

"ఎస్తేరు గుణాలు, అత్తమ్మా. ఒక్క వంక లేదని రాస్తున్న."

"అయ్యో నీ చదువు పాడుగాను! గంత మంచిగ రాస్తే పిల్లకు దిష్టి తగలదా? అసలే పిల్లికండ్ల దొరలు. జర చిన్న చుక్క పెట్టు."

మూఢనమ్మకాల మీద స్కూల్లో ఏటా ఉపన్యాసం ఇచ్చేదాన్ని నేనే. అయినా మన వైపు ఏ తల్లి బుగ్గన చుక్క పెట్టకుండా పిల్లను గడప దాటించింది చెప్పండి? ఇది ఏకంగా సముద్రం దాటబోతోంది. పెట్టేద్దామనుకున్నాను. "కాస్త వాదిస్తుంది" అని రాశాను.

అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు. వాదన అన్న మాట రాయగానే ఎనిమిదో తరగతి గుర్తొచ్చి నా తలలో ఎసరు పొంగింది.

అప్పట్లో నేను భూగోళం చెబుతూ, మన ప్రాంతపు రాళ్లన్నీ భూమి కక్కిన నిప్పు గడ్డకట్టి పుట్టినవేనని సెలవిచ్చాను. ఆ వచ్చే సోమవారం, తనిఖీకి వచ్చిన స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారు తరగతిలో కూర్చుని ఉండగా, ఎస్తేరు ఇంటినుంచి రైల్లో మోసుకొచ్చిన ఓ బండను బెంచీ మీద పెట్టింది.

"టీచర్, అనంతగిరి నల్లరాయి మీరన్నట్టే పుట్టిందేమో గానీ మా తాండూరు బండ గట్ల పుట్టలే."

"కూచో ఎస్తేరూ."

"గీ గీతలు చూడుండ్రి. వాగుల ఇసుక మీద అలలు పడ్డట్టే ఉన్నయి. నిప్పుల పుట్టినదాని మీద నీళ్ల గీతలెట్ల వస్తయి?"

ఇన్‌స్పెక్టరు గారు చూద్దామని వంగారు. బెంచీ ఒరిగింది. బండ ఆయన బూటు మీద పడింది. ఆయన వేసిన కేకకు నిజంగానే భూమి నిప్పు కక్కుతుందేమోనని పిల్లలు బయటికి పరుగెత్తారు.

ఇదంతా, అయ్యా, లోపాల గడిలో పూసగుచ్చినట్టు రాశాను. గడి చాలక వెనక పేజీ కూడా వాడాను. ఎవరేం చెప్పినా కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోదు, పెద్దల ముందు నోరు మూయదు, రాయి చేతికొస్తే ఊరుకోదు అని ముగించాను. పాఠం చెప్పింది మాత్రం "ఒక ఉపాధ్యాయురాలు" అని ఊరుకున్నాను. ఆ మాత్రం లౌక్యం ఉంది నాకు. అంటించి, పోస్టుడబ్బాలో వేసి వచ్చాను.

మధ్యాహ్నం చిత్తుప్రతిని అత్తమ్మకు తెలుగులో చదివి వినిపించాను, మెచ్చుకుంటుందని. ఆమె చాట కింద పెట్టింది.

"నేను బుగ్గన చుక్క పెట్టుమంటే పిల్ల మొహమంత మసి పూసినవా?"

అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లుంటారు. నేను పోస్టుడబ్బా పట్టుకున్నాను.

"డబ్బాల పడ్డదంటే గది సర్కారుది, అమ్మా" అన్నాడు పోస్టుమాస్టరు.

"రాత నాది, స్టాంపు నాది. సర్కారుది ఏముంది అండ్ల?"

"నిజమే. కానీ పేరు ఎవరిది రాసిండ్రు?"

"విలాయతు ప్రొఫెసరుది."

"అయితే ఆయన్ని రమ్మనుండ్రి, ఇస్త. అయినా వాదనెందుకు, సంచి కట్టి బండెక్కియ్యనే ఎక్కిచ్చిన."

మర్నాడు తాండూరు రైలెక్కాను. గనిలో యోహాను ఎండలో సుత్తి దించి, ఎదురొచ్చాడు. ఎస్తేరు తండ్రికి సద్ది తెచ్చి అక్కడే ఉంది. జరిగింది చెప్పాను. నా జీవితంలో అంత తక్కువ మాటల్లో నేనేదీ చెప్పలేదు.

ఎస్తేరు సద్దిగిన్నె బండ మీద పెట్టింది. "మూడు పాళ్లల ఒకటి మీ ఉత్తరానిదన్నరు గదా టీచర్. ఇగ రెండేనా?"

వేళ్లు మడిచి లెక్కపెట్టాను, రెండే. నమ్మండి, నా లెక్క నేను సరిచూసుకోవడం కూడా మొదటిసారే.

యోహాను అడిగాడు: "టీచరమ్మా, మీరు రాసింది అబద్ధమా?"

"ఒక్క అక్షరం కాదు, యోహానన్నా. అదే గదా నా బాధ."

"మరి ఫికరెందుకు? పగులు దాచి అమ్మిన బండ వాకిట్ల పరిచినంక పగుల్తది. మా బిడ్డ ఎట్లుందో గట్లనే తెల్వనియ్యుండ్రి."

ఆయన అంత మంచిగా అనేసరికి నాకింకా మంటెత్తింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. క్షమిస్తే ఏం చేస్తాం?

మూడు నెలలు ఎవరు జోస్యం అడిగినా తలనొప్పన్నాను. ఒకనాడు ఎస్తేరు పరుగెత్తుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. సీటొచ్చింది! అది ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను, అత్తమ్మ "నా చుక్కే పనిచేసింది" అంటోంది. సరిగ్గా అదే టపాలో నాకూ ప్రొఫెసరు గారి ఉత్తరం వచ్చింది. గర్వంగా పైకే చదివాను.

"మీ నాలుగు పేజీల మెప్పు మాకొచ్చే ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. మాకు కావలసిన పిల్ల లోపాల గడిలో దొరికింది. పోతే చిన్న సందేహం. అలల గీతలున్న రాయి నిప్పులో పుట్టిందని బోధించిన ఆ ఉపాధ్యాయురాలు ఇంకా పాఠాలు చెబుతున్నారా? పిల్లల మేలు కోరి అడుగుతున్నాను."

ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమని రాస్తరు టీచర్?"

"ఆ మహాతల్లి ఎప్పుడో కాలం చేసిందని రాస్త."

రాశాను కూడా. రెండు నెలలకు నల్ల అంచు కవరులో ఆయన సంతాపం వచ్చింది. అత్తమ్మ బతికున్న కోడలికి చావు ఉత్తరమేందని నన్ను వాకిట్లో నిలబెట్టి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

కనుక తాండూరు బండ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి సీటుకూ పాళ్లు కట్టను, ఎవరి లోపాలూ పేజీ తిప్పి రాయను. తప్పనిసరై రాసినా, ఆ కథలో టీచరును చంపను.