తిరగేసిన కాలరు

పోలీస్ స్టేషన్ ప్రహరీగోడకు ఆనుకుని ఒక దర్జీ కొట్టు ఉంది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఒక మనిషి అడ్డంగా నిలబడితే ఇంకో మనిషి బయట ఆగాల్సినంత చోటు. బోర్డు లేదు. "కాలరు మాస్టారు ఎక్కడ?" అని అడిగితే ఆ వీధిలో ఎవరైనా వేలు చూపిస్తారు. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

చొక్కాలో అన్నిటికంటే ముందు అరిగేది కాలరు. మెడ రాసుకుని మడత దగ్గర పీచు లేస్తుంది. మిగతా చొక్కా రాయిలా ఉన్నా, కాలరు పోయిందంటే మనిషి దాన్ని పక్కన పడేస్తాడు. మాస్టారు ఆ కాలరు కుట్లు విప్పి, అరిగిన వైపు లోపలికీ లోపలి వైపు బయటికీ వచ్చేలా తిరగేసి మళ్ళీ కుట్టేవాడు. చొక్కాకి ఇంకో మూడేళ్ళు ఆయుష్షు. చిరుగులకు రఫూ కూడా ఆయన చేతి పనే. దానికి బయటి దారం ముట్టుకోడు. ఆ చొక్కా అంచు మడతలోంచే నాలుగు పోగులు లాగి, వాటితోనే నేతలో నేతగా అల్లేస్తాడు. పని అయ్యాక సొంతదారుడికి కూడా చిరుగు ఎక్కడుండేదో దొరకదు. "ఎక్కడ, చూపించండి?" అని వాళ్ళు వెతుక్కుంటూ ఉంటే ఆయన ముఖంలో వెలుగు చూడాలి. ఆ నిమిషం కోసమే బతుకుతున్నాడా అనిపించేది.

పని నేర్పిన గురువు ఆయనకు ఒక అలవాటు అంటగట్టి పోయాడు. గుడ్డలోంచి తీసింది ఏదైనా గుడ్డవాళ్ళదే. విరిగిన బొత్తామైనా, జేబులో మిగిలిన బస్సు టిక్కెట్టైనా, కాగితం పొట్లంలో పెట్టి, తేదీ, తెచ్చినవాళ్ళెవరో రాసి, బట్టతో పాటు తిరిగి ఇచ్చెయ్యాలి. కొందరు ఆ పొట్లాలు అక్కడే వదిలేసి పోయేవారు. అవన్నీ గోడకి కొట్టిన తీగెకి గుచ్చి ఉండేవి, ఏళ్ళ తరబడి.

"ఇదేం పిచ్చండీ? విరిగిన బొత్తాలకి ఇంత మర్యాద! నాకెప్పుడైనా చేశారా?" అనేది ఆయన భార్య. రెండో మిషను పక్కన కూర్చుని కాజాలు తీసేది ఆవిడే.

"నువ్వు విరగలేదుగా," అనేవాడు మాస్టారు తల ఎత్తకుండా.

కొట్టు నడిచేది స్టేషన్ యూనిఫారాల మీద. పదిహేనేళ్ళుగా కొలతలకి ఆయనే లోపలికి వెళ్ళేవాడు. హెడ్ కానిస్టేబుల్ని అందరూ హెడ్డుగారు అనేవారు. ఆయన నడుం కొలవాలంటే టేపు పట్టుకుని చుట్టూ ఒక రౌండు కొట్టి రావాల్సిందే. హెడ్డుగారు దానికి తనే ముందు నవ్వేవాడు. మంచివాడు కాదని చెప్పడానికి లేదు. ఒకసారి మాస్టారి భార్య ఊపిరందక కుప్పకూలితే, స్టేషన్ జీపులో తనే ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చాడు. అప్పట్నుంచీ ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అనే పిలుస్తుంది.

కొలతలు తీసే చోట ఎదురుగోడ మీద ఒక బోర్డు ఉండేది. ఎందుకు అరెస్టు చేశారో తెలుసుకునే హక్కు, ఇంటివాళ్ళకి కబురు చేయించుకునే హక్కు, లాయరును పిలిపించుకునే హక్కు, ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందు నిలబడే హక్కు. ఛాతీలూ భుజాలూ కొలుస్తూ కొలుస్తూ మాస్టారికి అది కంఠతా వచ్చేసింది. క్యాలెండరు మీది బొమ్మని చూసినట్టు చూసేవాడు. అది ఎవరి గురించో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక బుధవారం పొద్దున, కొట్టు తలుపు ఇంకా సగమే తెరిచి ఉండగా, హెడ్డుగారు వచ్చాడు. చంకలో న్యూస్ పేపరు చుట్ట. విప్పితే చొక్కా. తెలుపు మీద సన్నటి నీలం గీతలు. భుజం కుట్టు చంకదాకా పిగిలిపోయింది. జేబు ఒక మూల పట్టుకుని వేలాడుతోంది. రెండు బొత్తాలు సగానికి విరిగి దారానికే అంటిపెట్టుకుని ఉన్నాయి. కాలరు మీద, ఎడమ చెవి కిందుగా వచ్చే చోట, అరచేతి వెడల్పున ఎండిన మరక.

"మధ్యాహ్నానికి కావాలి మాస్టారూ. కొత్తదానిలా ఉండాలి. ఉతకడానికి టైం లేదు."

మాస్టారి భార్య మరక వైపు చూసింది. "ఎవరిది అన్నయ్యగారూ?"

"ఎవడో చెల్లెమ్మా. మెట్ల మీద జారిపడ్డాడు."

"మెట్లకి జేబు పట్టుకుని లాగే చేతులు కూడా ఉన్నాయా?"

హెడ్డుగారు ఈసారి నవ్వలేదు. మాస్టారు భార్యని కళ్ళతోనే వారించాడు. ఆ తర్వాత ఆయనకి మరక కనబడటం మానేసింది. గీతలు కనబడ్డాయి. గీతల గుడ్డకి రఫూ అంటే మాటలు కాదు, ఒక్క పోగు జరిగినా గీత వంకరపోతుంది. అంచులోంచి నీలం పోగులు వేరుగా, తెల్ల పోగులు వేరుగా లాగాడు. జేబు నిలబెట్టాడు. లోపలి అంచుకి కుట్టి ఉండే అదనపు బొత్తాన్ని తీసి ఒక ఖాళీలో పెట్టాడు. రెండో ఖాళీకి చొక్కాలో అన్నిటికంటే కిందున్న బొత్తాన్ని పైకి తెచ్చి, కింద తన డబ్బాలోది వేశాడు. అది ప్యాంటులోకి పోతుంది, ఎవరి కంటా పడదు. కాలరు తిరగేశాడు. మరక కిందికి, మెడ వైపుకి వెళ్ళిపోయింది.

ఒంటిగంటకి హెడ్డుగారు చొక్కాని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "మాస్టారూ, నీ చేతికి దండం పెట్టాలయ్యా! ఎక్కడ చిరిగిందో నాకే తెలీడం లేదు."

మాస్టారి ముఖం వెలిగింది. ఎప్పటిలాగే వెలిగింది. పొట్లం ఇవ్వబోతే, "విరిగిన బొత్తాలు నాకెందుకు, పారెయ్," అన్నాడు హెడ్డుగారు. పారెయ్యడం మాస్టారికి చేతకాదు. తీగెకి గుచ్చేశాడు.

నెలన్నర తర్వాత ఒకావిడ కొట్టు ముందుకొచ్చి నిలబడింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పని ఆవిడది. వేళ్ళ చివర్లు సోడాకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. సంచిలోంచి మడతపెట్టిన చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. తెలుపు మీద నీలం గీతలు.

"అన్నా, ఈ కుట్టు నీదేనా?"

ఔనని నాలుక చివరిదాకా వచ్చింది. గర్వంతోనే వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"జైల్లో వేరే బట్టలిచ్చి, ఇది నా చేతికిచ్చారు," అందామె. "నేను ఉతకలేదు. కాలరు మురికేమో అని ఎత్తి చూశాను. నెత్తురు మరక నాకు తెలీదా అన్నా? పొద్దున్న లేస్తే అవే ఉతుకుతాను. పైనుంచి చూస్తే చొక్కా కొత్తదానిలా ఉంది. ఇంత పని చేసేవాళ్ళు ఎవరని నలుగుర్ని అడిగితే నలుగురూ నీ పేరే చెప్పారు."

ఆమె కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అతను పనిచేసిన ఆఫీసు బిల్డింగులో కంప్యూటర్లు పోయాయి. మంగళవారం సాయంత్రం మఫ్టీలో ఇద్దరు ఇంటికొచ్చి, కాగితం లేదు కబురు లేదు, ఇల్లంతా తిరగదోడి, ఏమీ దొరక్కపోయినా అతన్ని తీసుకెళ్ళారు. రికార్డులో మాత్రం గురువారం పొద్దున బస్టాండులో అరెస్టు చేసినట్టు ఉంది. ఆ రెండు రాత్రుల తర్వాత, గురువారం జడ్జి ముందు అతను నేరం ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాడు. సంతకానికి ముందు జడ్జి, "ఎవరైనా కొట్టారా?" అని అడిగితే, వెనక నిలబడ్డ మనిషిని తలుచుకుని లేదన్నాడు. జడ్జి పైనుంచి కిందికి చూసి కాగితం మీద రాయించాడు: ముఖంపై దెబ్బలు లేవు, బట్టలు చెక్కుచెదరలేదు.

"ఆ ఒక్క ముక్క పట్టుకునే వేలాడుతున్నారన్నా. కొట్టి ఉంటే బట్టలు అలా ఉంటాయా అంటున్నారు. ఆ సంతకం చెల్లితే వాడికి ఏళ్ళ తరబడి జైలే."

మాస్టారు చొక్కా ముట్టుకోలేదు. "నాకు గుర్తులేదమ్మా," అన్నాడు.

ఆమె చొక్కాని మళ్ళీ అదే మడతల్లో మడిచి సంచిలో పెట్టుకుంది. "మావాడి లాయరమ్మ వచ్చే సోమవారం కోర్టులో ఈ చొక్కా సంగతి అడుగుతుందట. గుర్తొస్తే రా," అని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా భార్య సూది ఆపి కూర్చుంది. తర్వాత తీగె వైపు చూసింది.

"పదిహేనేళ్ళ బేరం," అన్నాడు మాస్టారు. "పైగా నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి."

"నేనేం మర్చిపోలేదు. ఆయన ఊపిరి నిలబెట్టింది నాది. ఆ కుర్రాడిది కాదు."

విషయం గోడ దాటడానికి రెండు రోజులు పట్టలేదు. హెడ్డుగారు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బెదిరించలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"మాస్టారూ, నీకు తెలీదు. పైనుంచి ఒత్తిడి అలా ఉంటుంది. నేను చెయ్యెత్తానని ఎవరన్నారు? చొక్కా తెచ్చానంతే. నువ్వు కుట్టావంతే. మనిద్దరం చేసింది ఒకటే."

ఆ చివరి మాట మాస్టారికి ముల్లులా దిగింది. హెడ్డుగారు వెళ్ళిపోయాక కూడా దాన్నే తడుముకుంటూ కూర్చున్నాడు.

సోమవారం పొద్దున మాస్టారు తీగె మీది పొట్లాల్ని ఒక్కొక్కటే పక్కకి జరిపాడు. కావాల్సింది దొరికింది. దాని మీద తన చేతిరాతే: బుధవారం, తేదీ, హెడ్డుగారు తెచ్చినది, గీతల చొక్కా, బొత్తాలు రెండు. జేబులో పెట్టుకున్నాడు.

"ఆ చొక్కాతో వెళ్తారా?" అంది భార్య. "కాలరు అరిగిపోయింది చూసుకున్నారా? ఊరందరి కాలర్లూ తిరగేస్తారు, మీది తప్ప." కొట్టు వెనకున్న ఇంట్లోకి వెళ్ళి ఇంకోటి ఇస్త్రీ చేసి తెచ్చింది.

కోర్టులో ప్రభుత్వ లాయరు ఆయన్ని చూసి తీరిగ్గా లేచాడు.

"మాస్టారూ, ఇలాంటి గీతల చొక్కాలు ఊళ్ళో ఎన్ని ఉంటాయి?"

"వందలుంటాయండి."

"మరి ఇదే మీరు కుట్టిందని ఎలా చెప్తారు? చిరుగే కనబడదంటున్నారుగా. కనబడని దాన్ని ఎలా గుర్తుపట్టారు?"

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"చూసి కాదండి. తడిమి."

జడ్జి చొక్కా ఇప్పించాడు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళు భుజం మీదుగా నడిచి చంక దగ్గర ఆగాయి. "ఇక్కడ మొదలు." జేబు మూలకి వచ్చాయి. "ఇక్కడ." తర్వాత చొక్కాని లోపలివైపు తిప్పి, పోగులు లాగిన అంచు చూపించాడు. కిందున్న బొత్తాం మిగతా వాటికి జత కాదని చూపించాడు. పొట్లం విప్పితే విరిగిన రెండూ మిగతా వాటికి సరిగ్గా సరిపోయాయి. ఆఖరికి కాలరు ఎత్తాడు. అప్పుడు కళ్ళు తెరిచాడు గానీ అటు చూడలేదు.

లాయరమ్మ పొట్లం మీది తేదీ చదివింది. "గురువారం అరెస్టయిన మనిషి చొక్కా బుధవారం పొద్దున పోలీసుల చేతిలో ఉంది. మంగళవారం రాత్రి అతను ఎక్కడున్నాడో ఇక వేరే చెప్పక్కర్లేదు. అప్పటినుంచి లెక్కేస్తే ఇరవై నాలుగు గంటలు ఎప్పుడో దాటిపోయాయి."

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బట్టలు చెక్కుచెదరలేదని రాయించింది ఆయనే. "ఇవన్నీ ఆరోజే చూశారు కదా. ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

మాస్టారు ఎత్తిన కాలరుని మెల్లగా దించాడు. "ఆరోజు చొక్కాని చూశానండి. లోపలున్న మనిషిని చూడలేదు. స్టేషన్ గోడ మీద బోర్డుంది. పదిహేనేళ్ళు చదివాను. మీరు అడిగితే అక్షరం పొల్లు పోకుండా చెప్తాను. నాకు అర్థమైంది మాత్రం ఈ అమ్మ సంచి తెరిచిన రోజే."

హెడ్డుగారు వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. ఒకసారి ఇద్దరి కళ్ళూ కలిశాయి. ముందుగా దించుకున్నది ఎవరో మాస్టారికి తర్వాత గుర్తులేదు.

ఆ సంతకం పెట్టిన కాగితం చెల్లదన్నారు. అది పోయాక కేసులో మిగిలింది ఏమీ లేదు. మూడు వారాలకి కుర్రాడు ఇంటికొచ్చాడు. ఆ రెండు రాత్రుల మీద విచారణ వేశారు. అది నడుస్తూనే ఉంది.

యూనిఫారాలు ఆ వారమే వేరే కొట్టుకి వెళ్ళిపోయాయి. కుట్టడానికిచ్చినవి కూడా సగంలో తీసుకెళ్ళారు. ఒక మిషను మీద గుడ్డ కప్పేశారు. మాస్టారి భార్య స్కూలు సంచులు కుట్టడం మొదలుపెట్టింది. "కాజాల బాధ తప్పింది," అనేది. అంటూనే గోడవతల జీపు ఆగిన చప్పుడైతే ఒక్క క్షణం చెయ్యి ఆపేది.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం లిఫ్టు మెకానిక్ వచ్చాడు. వాళ్ళమ్మ పంపిందట, కొత్త చొక్కా కుట్టించుకోమని. పాతది కోర్టువాళ్ళ దగ్గరే ఉండిపోయింది. సన్నటి కుర్రాడు. ఎడమ చెవి కింద మచ్చ. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రా బాబూ, కొలత తీసుకుంటాను."

టేపు భుజం మీద పడగానే అతను ఒక్కసారిగా ముడుచుకుపోయి, చేతులు తలకి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత సిగ్గుపడ్డాడు. "ఏం లేదు మాస్టారూ. మీరు కానివ్వండి."

మాస్టారు టేపు తీసేశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎందరి భుజాల మీదో అడక్కుండానే చేతులు వేసిన మనిషి. రెండడుగులు వెనక్కి వేసి, అతనికి ఎదురుగా, తన చేతులు కనబడేలా నిలబడ్డాడు.

"ముందు భుజం. చెయ్యి వెయ్యొచ్చా?"

కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు. కాసేపటికి తలూపాడు.

మాస్టారు వేసి, కొలిచి, తీసేశాడు.

"ఇప్పుడు మెడ. వెయ్యొచ్చా?"