కరివేపాకు మొదట్లో తడి

ఎండాకాలం మొదట్లో, నెలల తరబడి మూలపడి ఉన్న ఏసీని తొలిసారి వేసినప్పుడు, తడిసిన దుమ్మూ పాత ఇనుమూ కాస్త బూజూ కలిసిన వాసనొకటి గదిలోకి వస్తుంది. ఆ వాసన తగిలితే నేను రాయచోటిలో మా ఇంట్లో ఉండను. కువైట్‌లో, మంగఫ్‌లో, మామా ఇంటి వెనకున్న మా ఒంటిగదిలో, నాయన పనిబట్టల పక్కన ఉంటాను. మొన్న మా అమ్మాయి మేడ మీద ఏసీ పైపు కింద బకెట్ పెట్టి, "ఈ నీళ్ళు రోజూ మల్లె కుండీకి పోద్దాం మా" అంది. వద్దన్నాను. తను మాత్రం బకెట్ తీయలేదు.

మామా అంటే మా అమ్మ వంట చేసే ఇంటి యజమానురాలు. భర్త పోయిన కువైటీ ఆవిడ, లావుపాటి మనిషి, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనసు. ఆమెకు ఒక్కడే కొడుకు, సాలెం. మా నాయన మస్తాన్ ఏసీ మెకానిక్, ఆ ఇంటివీ ఆ చుట్టుపక్కల ఇళ్ళవీ బాగుచేసేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మానాయనలు నన్నూ అక్కడికి తీసుకెళ్ళారు.

మా నాయనకు రెండే కాలాలు. దుమ్ము గాలులు లేచే కాలంలో ఏసీలను గోడల్లోంచి పెరికి పెరట్లో వరసగా పెట్టి, జాలీలు కడిగితే నల్లటి నీళ్ళు గేటు దాకా పారేవి. ఆ తర్వాత ఒంగిపోయిన సన్నటి రేకుల్ని చిన్న దువ్వెనతో ఒక్కొక్కటిగా సాపు చేస్తూ కూర్చుంటే, అమ్మ వంటింటి కిటికీలోంచి, "కూతురికి ఒక్కనాడన్నా ఇట్ల తల దువ్వినావా?" అని దెప్పేది. చలికాలం వస్తే ఇళ్ళలోంచి కిరసనాయిలు హీటర్లు బయటికొచ్చేవి. వాటి వత్తులు కత్తిరించి, మంట నీలంగా నిలిచేదాకా మోకాళ్ళ మీద కూర్చుని చూసేవాడు. మామా ఆ హీటర్ మీద టీ కెటిల్ పెట్టి, పక్కన నారింజ తొక్కలు వేసేది. ఇల్లంతా కమ్మగా ఉండేది. ఆ వెచ్చదనంలో సాలెం మా అమ్మ నూరిన ఊరుబిండి పచ్చడి రొట్టెలో పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతున్నా వదలకుండా తినేవాడు. పోలీసు ఉద్యోగం చేసే మనిషి, కారానికి ఏడుస్తున్నాడని నేను నవ్వేదాన్ని.

అమ్మ పెరట్లో, మేడకెక్కే వెనక ఇనుప మెట్ల కింద, ఊరినుంచి తెచ్చిన గింజ వేసి కరివేపాకు మొలిపించింది. బోరు దగ్గర బిందెల వరసలో పుట్టి పెరిగిన వాళ్ళం, బియ్యం కడిగిన నీళ్ళు కూడా నేలపాలు చేయని ఇల్లు మాది. ఏసీల నుంచి కారే నీళ్ళన్నీ బకెట్లకు పట్టి ఆ చెట్టుకు పోసేవాళ్ళం. అది నా పని. ఆ పనంటే నాకు గర్వం.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. రెండో రోజే మామా తన కొడుకు యూనిఫాంను రొట్టెల పొయ్యిలో పెట్టి కాల్చేసింది. పోలీసులూ సైనికులూ అయిన మగవాళ్ళను ఇల్లిల్లూ వెతికి పట్టుకుపోతున్నారు. సాలెంను మేడ మీద పాత సామాన్ల గదిలో దాచారు. రేకు కప్పు గది, ఆ ఎండలో అందులో పూట గడవదు. మామా నాయన చెయ్యి పట్టుకుని ఏడిస్తే, నాయన ఒక పాత ఏసీని ఆ గదికి బిగించాడు. కంప్రెసర్ కింద కారు టైరు ముక్కలు పెట్టి చప్పుడు చంపాడు. ఏసీ కనపడకుండా బయటి వైపు బట్టల తీగ కట్టి దుప్పట్లు ఆరేశాడు. మేడ మీద నీళ్ళు పోస్తే తూములోంచి వీధిలోకి పడతాయి, మనుషుల్లేని మేడ నుంచి నీళ్ళు కారితే ఎవరైనా చూస్తారు. అందుకని పైపును గది లోపలికే తిప్పి, కింద బకెట్ పెట్టాడు.

రోజుకు రెండు బకెట్లు నిండేవి. తిండి తీసుకెళ్ళడం, నీళ్ళు తేవడం నా వంతు. పిల్లనని నన్నెవరూ పట్టించుకోరు. నాయన నా భుజాలు పట్టుకుని చెప్పాడు: "ఇంట్లో మెట్ల మీదనే రా. వంటింటి తూములో పొయ్యి. బయటికి పోవద్దు. ఇనపడిందా?"

సాలెం నన్ను 'యా బింత్' అనేవాడు, పిల్లా అని. గెడ్డం పెరిగింది, మాట తగ్గింది. తిన్న ఖర్జూరాల గింజలు కడిగి దాచిపెట్టేవాడు. వాటితో నేను అతనికి అచ్చనగాయలు నేర్పించాను. అంత పెద్ద చేతుల్లోంచి గింజలు జారిపోతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

తోటకు నీళ్ళు ఆపేశారు, ట్యాంకులో నీళ్ళు తాగడానికే. గులాబీలు ఎండాయి, గడ్డి మాడింది. కరివేపాకు ఆకులు వాలిపోతుంటే చూడలేకపోయాను. బకెట్ నిండా ఉన్న ఏసీ నీళ్ళు తూములో పొయ్యడానికి నా చేతులు రాలేదు. ఒకరోజు వెనక ఇనుప మెట్ల మీదుగా దిగి చెట్టుకు పోశాను. ఎవరూ చూడలేదు. మర్నాడూ పోశాను. వారానికి చెట్టు కొత్త చిగురు వేసింది. నాకు పండగే అయింది.

సైనికులు అంతకుముందు ఒకసారి వచ్చి కిందంతా వెతికి, ముసలమ్మా పనివాళ్ళూ తప్ప ఎవరూ లేరని వెళ్ళిపోయారు. రెండోసారి ఒక మధ్యాహ్నం వచ్చారు. వాళ్ళ ఆఫీసరు పెరట్లోకి వచ్చి ఆగాడు. మాడిపోయిన తోటలో ఒక్క చెట్టు పచ్చగా ఉంది. వంగి మొదట్లో మట్టి ముట్టుకున్నాడు, వేళ్ళు తడిశాయి. తలెత్తి మెట్లకేసి చూశాడు. రెండు నెలల దుమ్ము పేరుకున్న మెట్ల మీద, కింద నుంచి పైదాకా, నా బకెట్ నుంచి పడ్డ చుక్కలు వరసగా ఉన్నాయి. అతను ఆ చుక్కల వెంట నడుచుకుంటూ పైకి వెళ్ళాడు.

సాలెంను ముందు వాకిట్లోంచి తీసుకుపోయారు. మామా జీపు వెనక చెప్పుల్లేకుండా పరుగెత్తి, మలుపు దగ్గర కూలబడింది. ఆ సాయంత్రం దాకా పైన ఏసీ ఆడుతూనే ఉంది. బకెట్ నిండి పొర్లి, నీళ్ళు మేడ మీదికి పారి, తూములోంచి వీధిలోకి సన్నటి ధారగా పడ్డాయి. నాయన పైకి వెళ్ళి ఆపాడు. దిగి వచ్చేటప్పుడు మెట్లు చూశాడు, చెట్టు చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు పోసినావా?"

తల ఊపాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా పక్కన కూర్చుని, "ఎవురికీ చెప్పొద్దు. మీ అమ్మకు గూడా. మామాకు తెలిస్తే ఆమె బతకదు పాపా" అన్నాడు. మర్నాటికి ఆ చెట్టు అక్కడ లేదు.

కొన్ని రోజులకు బస్సుల్లో బస్రా, బాగ్దాద్ దాటి అమ్మాన్ చేరి, విమానంలో బొంబాయి వచ్చిపడ్డాం. యుద్ధం అయ్యాక అమ్మ మళ్ళీ అదే ఇంటికి పనికెళ్ళింది. మొదటి సెలవుకు వచ్చినప్పుడు, మేం అన్నాలు తింటుంటే చెప్పింది: "సాలెం తిరిగి రాలేదు. పక్కింటి పాలస్తీనా టీచరే పట్టిచ్చినాడంట. మామా అందరికీ చెప్పింది. ఆ సంసారాన్ని దేశం నుంచే పంపించేసినారు. ఆయప్ప అట్లాంటోడని నేను అనుకోలే." నాయన ముద్ద కిందపెట్టాడు. నా కళ్ళలోకి చూశాడు. ఆ టీచరు నాకు రంగు పెన్సిళ్ళిచ్చిన మనిషి. ఒక్క మాట, ఒక్క ఉత్తరం చాలు. ఇద్దరం రాయలేదు. అప్పటికి నేను చిన్నపిల్లనే అనుకున్నా, ఆ తర్వాత పెద్దదాన్నయ్యాను కదా, అప్పుడూ రాయలేదు. 

నాయన పోయాడు. మామా కూడా పోయిందని నిరుడు అమ్మకు ఫోనొచ్చింది. ఆ ఇల్లు పడగొట్టి అద్దె ఫ్లాట్లు కట్టారట. కిరసనాయిలు హీటర్లు వాడేవాళ్ళూ తగ్గిపోయారట, చలికాలంలో నారింజ తొక్కలు ఎక్కడ వేడి చేస్తారో. ఆ టీచరు ఏ దేశంలో ఉన్నాడో, ఉన్నాడో లేడో తెలియదు.

ఇవాళ సాయంత్రం మా అమ్మాయి మేడ మీద ఆ బకెట్ నిండిందని కేకేసింది. నేనే తీసుకొస్తానన్నాను. ఈ కరువు ఊళ్ళో, నిండు బకెట్ నీళ్ళు తీసుకెళ్ళి స్నానాలగది తూములో పోసి, చేతికందిన గుడ్డ తీసుకుని, మేడ మీద నుంచి కిందిదాకా ఒక్కో మెట్టూ దిగుతూ, పడిన చుక్కలన్నీ తుడిచాను.