కొత్త సోఫా మీద రబ్బరు షీటు

ఈ రోజు మా ఆయనతో కలిసి కోరుట్లలో మా చెల్లెలి ఇంటికి వెళ్లి, అసహ్యం పుట్టి తిరిగి వచ్చాను.

రెండేళ్ల కిందట మా ఆయనకు తలలో నీరు చేరింది. అడుగు పడేది కాదు, మతిమరుపు వచ్చింది, మూత్రం ఆగేది కాదు. ఒకసారి చెల్లెలి ఇంట్లోనే కుర్చీ తడిసింది. ఆ తర్వాత ఆపరేషన్ చేసి, తలలోంచి కడుపులోకి సన్నని గొట్టం వేసి ఆ నీటిని మళ్లించారు. షంట్ అంటారు. ఇప్పటికీ కొన్ని పేర్లు మరిచిపోతారు కానీ, ఇవాళ బస్సు ఎక్కిందీ దిగిందీ ఎవరి చేయీ పట్టుకోకుండానే.

చెల్లెలు సోఫా మీద పసిపిల్లల రబ్బరు షీటు పరిచి, పైన తువ్వాలు కప్పి ఆయనను కూర్చోమంది. వంటింట్లో ఆమెను నిలదీశాను.

"ఏం జెయ్యాలె అక్కా? గా రోగం మల్ల తిరగబెడ్తదట గద."

"గొట్టం మూసుకపోతే తిరగబెడ్తది. గందుకే డాక్టరుకు చూపిస్తున్నం. మంచిగున్న మనిషి కింద షీటేస్తరా?"

బావ కనబడితే ఆటపట్టించకుండా వదలని నా చెల్లెలు, ఇవాళ ముందు గదిలోకి వచ్చి ఆయన ఎదుటే, ఆయనను కాకుండా నన్ను అడిగింది: "బావ చాయల చక్కెర ఎయ్యాల్నా అక్కా?"

ఆయన లేచి, షీటు మడిచి ఆమె చేతిలో పెట్టారు.

"ఆపరేషన్ నా తలకైంది మరదలా. నీ నోరెట్ల పడిపోయింది?"

కోలుకున్న మనిషిని కోలుకున్నాడని ఒప్పుకోవడానికి మీ చుట్టాలకు ఎన్నాళ్లు పట్టిందో చెప్పండి. నేనైతే అక్కడ చాయ ముట్టలేదు. ఆయన మాత్రం ఆ సోఫా మీదే కూర్చుని, రెండో కప్పు కూడా అడిగి తాగారు.