నొప్పికి ఇంగ్లీషు మాట

ఇంగ్లీషు మాటలంటే నాకు పిచ్చి ఉన్నింది. తిండి మీద ఆశ ఉండేవాళ్లుంటారు, చీరల మీద ఉండేవాళ్లుంటారు, నాకేమో మాటల మీద. హిందూపురంలో ఒక జెరాక్స్ అంగట్లో పనిచేస్తా, సాయంత్రమయితే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోయేదాన్ని. మా సారుకు 'వెరీ' అనే మాట అసలు గిట్టదు. "వెరీ టైర్డ్ అంటావేందమ్మా, ఎగ్జాస్టెడ్ అను. వెరీ హంగ్రీ అంటావేంది, స్టార్వింగ్ అను. మాటకు ప్రాణముండాల" అని బల్ల గుద్ది మరీ చెప్పేవాడు. బెంగళూరులో ఏదో ఒక ఆఫీసులో ఉద్యోగం పట్టి, నాయన్ని ఇంట్లో కూర్చోబెట్టి సాకాలని నా ఆశ. అంతలోనే ఆయన మంచాన పడినాడు.

మాది పెనుకొండ. మేము దూదేకులోళ్లం. నాయన పరుపులు, దిండ్లు కుట్టేవాడు. దూది దుమ్ముకు దగ్గుతాండాడేమో అనుకుంటిమి. కాదంట, క్యాన్సరంట, ఎముకల్లోకి కూడా పాకిందంట. నయమయ్యే దశ దాటిపోయిందని బెంగళూరు ఆసుపత్రిలో మొదటిసారే చెప్పేసినారు. ఇంక మిగిలింది నొప్పి ఒకటే. దాన్ని తగ్గించి పంపితే చాలు, అంతకు మించి నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

డాక్టరు ఉత్తరాది మనిషి. ఫైలు మీద మా పేరు చూసి గడగడా హిందీ మొదలుపెట్టినాడు. పేర్లు సాయిబుల పేర్లేగాని మా ఇంట్లో పుట్టినప్పటినుంచి తెలుగే. నర్సుల దగ్గర వచ్చీరాని కన్నడంతో నెట్టుకొచ్చినాం, ఈయన దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. నా ఇంగ్లీషే దిక్కయింది.

నేను నోరు తెరిచేలోపల ఆయన నాయన వైపు తిరిగి "హౌ ఆర్ యూ?" అన్నాడు. ఆ మాత్రం నాయనకు తెలుసు. చెయ్యి గుండె మీద పెట్టుకొని, నవ్వుమొగంతో, "గుడ్ సార్, గుడ్" అన్నాడు.

మావాళ్ల పద్ధతే అది. 'ఎట్లుండావప్పా' అని ఎవరన్నా అడిగితే మొదటి మాట 'పైవాడి దయ, బాగుండా' అనే రావాల. జ్వరంతో వణుకుతా ఉన్నా అదే, ఇంట్లో పొయ్యి వెలగకున్నా అదే. ఆ తర్వాత కూర్చొని, టీ తాగి, మెల్లగా అసలు సంగతికి వస్తారు. డాక్టరు గదిలో ఆ 'తర్వాత' యాడుంటాది? ఆయన తలూపి, ఊర్లో ఇచ్చిన పాత మాత్రలే రాసి, నెల తర్వాత రమ్మని బెల్లు కొట్టినాడు.

తిరుగు రైల్లో దొడ్డబళ్లాపురం దాటకముందే నాయనకు మొదలాయె. కిటికీ కమ్మి పట్టుకొని పండ్లు కొరుక్కుంటా ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆడ గుడ్ గుడ్ అని, ఈడ ఇట్ల మెలికలు తిరిగితే ఎట్ల నాయనా? నీకేమన్నా మతి పోయిందా?"

"అంత పెద్దాయన బాగుండావా అని అడిగితే, లేదు అని మొగాన కొట్టినట్టు చెప్తారేమ్మా?" అన్నాడు. "పైన ఆయన వింటా ఉంటాడు. ఇన్నేండ్లు నడిపించినాడు గదా."

సరే, ఆయన చెప్పకపోతే నేను చెప్తా అనుకుంటి. ఇంట్లో మాత్రం నాయనకు మాటలకు కరువు లేదు. నడుములో సలుపు. తొడలోకి గుంజుడు. దగ్గితే పక్కలో కలుక్కుమంటాది. అన్నిటికంటే పెద్దది ఇంకొకటి, ఎముక లోపల ఎవరో కూర్చొని దూది ఏకినట్టు ఏకుతాదంట. ఒక్కొక్కటీ అడిగి, పట్టుకొనిపోయి సారు ముందు పెడితి. సారు పాపం మంచోడు. సలుపుకు త్రాబింగ్ అన్నాడు, కలుక్కుమనేదానికి స్టాబింగ్ అన్నాడు, గుంజుడుకు పుల్లింగ్ వద్దులే, డ్రాగింగ్ అను అన్నాడు. ఏకుడు దగ్గర ఆగిపోయినాడు. శానాసేపు చాక్‌పీసు వేళ్లతో తిప్పుతా ఉండి, "దానికి మాట ల్యాదమ్మా" అన్నాడు. నాకు కావాల్సిందే అది. మిగిలినవి ఎవరికైనా వచ్చే నొప్పులే, ఇదొక్కటే మా నాయనది. చివరికి అన్నిటికీ కలిపి 'అన్‌బేరబుల్' అని ఇంకో మాట ఇచ్చినాడు. ఓర్చుకోలేనంత, అని దాని అర్థం.

క్లాసులో నా పక్కనోళ్లు ఇంటర్వ్యూ జవాబులు బట్టీ పడతా ఉంటే నేను మా నాయన నొప్పులు బట్టీ పట్టినా. అంగట్లో జనాల ఆధార్ కార్డులు జెరాక్స్ తీస్తా, నోట్లోనే త్రాబింగ్, స్టాబింగ్ అనుకుంటా ఉంటి. ఇంగ్లీషు మాటల మీద నాకుండే మోజు ఆ దినాల్లోనే చచ్చిపోయింది.

రెండోసారి పోయినప్పుడు డాక్టరు పలకరించకముందే నేను అందుకున్నా. ఒక్క తప్పు పోలేదు. ఆయన పెన్ను కింద పెట్టి మొత్తం విన్నాడు. విని, యాడ చదువుకున్నావు, నీ ఇంగ్లీషు చాలా బాగుండాది అని మెచ్చుకున్నాడు. తర్వాత నాయన వైపు చూసినాడు. నాయన చెయ్యి అప్పటికే గుండె మీద ఉండాది, మొగాన అదే నవ్వు.

"గుడ్ సార్."

డాక్టరు కూడా నవ్వినాడు. కూతురు బెదురుకొని ఒకటికి రెండు చెప్తాండాది, మనిషి బాగనే ఉన్నాడు అనుకున్నాడు కాబోలు. బలమైన మందులు తొందరపడి మొదలుపెట్టకూడదని నాకు నచ్చజెప్పి పంపించినాడు. మళ్లా అవే మాత్రలు.

బయట వరండాలో గోడకు ఆనుకొని ఏడ్చినా. అందరూ చూస్తా ఉన్నారు, చూడనీ.

"ఏమన్నాడమ్మా?" అన్నాడు నాయన.

"నా ఇంగ్లీషు బాగుండాదన్నాడు."

ఆయన మొగం వెలిగిపోయింది. అది చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వు మూలుగుతాంటే వినలేక అమ్మ చెవుల్లో దూది పెట్టుకొని వంటింట్లో కూర్చుంటాండాది నాయనా, తెలుసా నీకు?" అనేస్తి. నిజమే, అమ్మ అట్లే చేస్తా ఉన్నింది. ఆయనకు ఆ సంగతి తెలియదు.

స్టేషన్‌కు వచ్చి రైలెక్కినాం. కూర్చున్నాక నాయన, "నేనేమనాల్నో నేర్పియ్యి" అన్నాడు. తెలుగులోనే చెప్పు, నేను ఇంగ్లీషు చేస్తా అంటి. తల అడ్డంగా ఊపినాడు.

"ఇంట్లో నీకు చెప్పుకునేది వేరమ్మా, బయటోళ్ల ముందర తెలుగులో నోరు రాదు. పైన ఆయన మీద నేరం చెప్పినట్టుంటాది. ఇంగ్లీషులో అయితే ఆ మాట నాది కాదు గదా. పెండ్లికి సామాన్లు అద్దెకు తెచ్చుకుంటాం చూడు, అట్లాంటిది. పనయినాక ఇచ్చేసేదే."

ఆ నెలంతా మంచం మీద పడుకొని నా వెనకే అనేవాడు. అన్‌బేరబుల్ సార్. మాట తొందరగానే వచ్చింది. నవ్వే పోలేదు. అన్నప్పుడల్లా అలవాటుగా పెదాలు విచ్చుకునేవి. నవ్వొద్దు నాయనా, అని కన్నతండ్రికి నేర్పించే ఖర్మ పగోళ్లకు కూడా వద్దు.

మూడోసారి. "హౌ ఆర్ యూ?" అన్నాడు డాక్టరు. నాయన చెయ్యి లేచింది. సగంలో ఆపుకొని మోకాలి మీద పెట్టుకున్నాడు. నేల చూస్తా, "అన్‌బేరబుల్ సార్" అన్నాడు. నేను నేర్పింది ఒక్కసారి అనమనే. ఆయన మళ్లా అన్నాడు. మళ్లా అన్నాడు. గొంతు పగిలిపోయింది, కండ్లనీళ్లు గడ్డంలోకి కారిపోతాండాయి, మాట మాత్రం ఆగలేదు. ఇన్ని నెలలది అంతా ఆ ఒక్క అద్దె మాటలోనే పోసేసినాడు. నేను ఆయన వీపు నిమురుతా ఉన్నా.

డాక్టరు కుర్చీలోంచి లేచొచ్చి నాయన భుజం పట్టుకున్నాడు. నర్సును పిలిచి, మందు తెప్పించి, ఆడనే తాగించినాడు. ఇంటికని ఒక సీసా రాసినాడు. రాస్తా రాస్తా, తల ఎత్తకుండా, ఈయన మొదటిరోజే ఈ మాట చెప్పుంటే మొదటిరోజే ఇచ్చేవాణ్ణి అన్నాడు నాతో ఇంగ్లీషులో. అందులో కష్టమైన మాట ఒక్కటి కూడా లేదు.

"ఏమంటాండాడు?" అన్నాడు నాయన.

"ఇంక నొప్పి ఉండదంట" అంటి.

రైలెక్కినాక, కిటికీ పక్క సీట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిద్రపోయినాడు. నోరు కొద్దిగా తెరుచుకొని, కనుబొమల మధ్య ముడి విడిపోయి. ఆ ముడి లేకుండా ఆయన మొగం చూసి ఎన్నాళ్లయిందో. హిందూపురం వచ్చింది, పోయింది. పెనుకొండ వచ్చింది. జనాలు దిగుతాండారు, మా ఎదురు సీటాయన మా సంచి అందిచ్చి, "దిగాల గదమ్మా మీరు" అన్నాడు. దిగలేదు. ధర్మవరం దాకా పోనిచ్చినా.

ధర్మవరంలో లేపక తప్పలేదు. తిరుగు రైలు కోసం బెంచీ మీద కూర్చున్నాం. "ఊరు దాటి వచ్చేసినామా?" అన్నాడు. నిద్రలో పడిపోతి నాయనా, అని అబద్ధం చెప్పినా. ఆయన నా భుజం మీద తల వాల్చి మళ్లా కండ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఆయన శానా దినాలు బతకలేదు, పోయేనాటికి ఆ సీసాలో సగానికి పైగా మందు మిగిలే ఉన్నింది. అమ్మ దాన్ని తీసుకుపోయి మోరీలో పారబోస్తాంటే నేను పక్కనే నిలబడి ఉండా. మందుతోపాటే పారిపోతా కనపడినాయి నాకు, అది ముందే దొరికుంటే ఆయన నిద్రపోయుండే రాత్రులన్నీ.